ఒకే కోటు, ఐదుగురు మేజిస్ట్రేట్లు

మేజిస్ట్రేట్లని మూణ్ణెల్లకొకసారి పీకెయ్యడాన్ని మించిన ప్రజాసేవ ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం. నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మా ఊరి చిన్న క్రిమినల్ కోర్టులో పద్ధతి చాలా సులువు. మేజిస్ట్రేటుని వేసేది మునిసిపల్ కౌన్సిల్. జీతం ఇచ్చేదీ వాళ్లే. నచ్చకపోతే ఇంటికి పంపేదీ వాళ్లే. నాలుగు ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు. ఎంత సౌకర్యం!

ఈ ఏడాదిలో నలుగురు వచ్చి వెళ్లారు. మొదటాయన చైర్మన్ గారి బావమరిది లారీకి జరిమానా వేశాడు. శుక్రవారం వేశాడు, సోమవారానికి కుర్చీలో లేడు. రెండో ఆవిడ తెలివైన మనిషి, లారీ జోలికి పోలేదు. ఆ లారీ రోడ్డు మీద పోసిన కంకర మాత్రం తీయించమంది. ఆవిడదీ మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. మూడో ఆయన కంకర ఎవరిదని అడిగాడట, అంతే.

నాలుగో ఆయనకి జ్ఞానోదయమైంది. ఎవరేం అడిగినా వాయిదా వేశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అన్నారా? అందరికన్నా ఎక్కువ కాలం నిలిచాడు. చివరికి ఆ జీతంతో ఇల్లు గడవక తనే మానేసి, ఇప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. పిల్లలు వాయిదాలు ఒప్పుకోరని వాపోతున్నాడట.

ఆ జీతంలో కోటు కూడా కుట్టించుకోలేరని కౌన్సిలే దయతలచి ఒక నల్లకోటు కొనిపెట్టింది. ఒక్కటే. ఎవరొచ్చినా అదే తొడుక్కోవాలి. లావుపాటివాళ్లొస్తే వదులు చెయ్యాలి, సన్నటివాళ్లొస్తే బిగించాలి. ఆ పని మా చెల్లెలిది.

చెల్లెలు టైలరు. కిందటేడు దాని కుట్టుమిషను దొంగలెత్తుకుపోయారు. వారంలో దొంగా దొరికాడు, మిషనూ దొరికింది. దొంగకి పదో రోజున బెయిలొచ్చింది. మిషనుకి రాలేదు. అది సాక్ష్యమట. మెడకో చీటీ కట్టించుకుని కోర్టు స్టోర్‌రూములో కూర్చుంది. ఇంటికి రావాలంటే మేజిస్ట్రేటు సంతకం కావాలి. అర్జీ ఆయన బల్ల మీదికి చేరేసరికి ఆయన ఉండడు. కొత్తాయన వస్తే అర్జీ మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి.

ఏడాదిగా చేత్తోనే కుడుతోంది. దాని వేళ్ల నిండా సూది పోట్లే. అయినా చేతులకి మంచి ఎక్సర్‌సైజు కదా, ఆ మేలు కౌన్సిల్ ఖాతాలోనే వెయ్యాలి.

మొన్న కోర్టు గుమాస్తా ఆ కోటు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"అమ్మా, ఐదో ఆయన వస్తున్నాడు. బాగా సన్నమట. రెండు పక్కలా లోపలికి మడిచి బిగించిపెట్టు."

"నా మిషను ఇప్పించండి. అరగంటలో కుట్టి ఇస్తాను" అంది చెల్లెలు.

"మిషనుకి సంతకం కావాలమ్మా. సంతకానికి మేజిస్ట్రేటు కావాలి. మేజిస్ట్రేటు కుర్చీ ఎక్కాలంటే కోటు కావాలి."

చెల్లెలు కోటు అందుకుంది. గుమాస్తా గడప దాటబోతూ ఆగాడు.

"ఎప్పట్లాగే కచ్చా కుట్లు వెయ్యి చాలు. గట్టి ముళ్లు వెయ్యకు. మళ్లీ విప్పాలిగా."

చూశారా, ఎంత ముందుచూపో! మనిషింకా ఊళ్లోకి రాలేదు, విప్పడం గురించి ఆలోచించారు. ఇలాంటి పాలన ఇంకెక్కడైనా ఉందా?

చెల్లెలు ఆ కోటుని ఒళ్లో పరుచుకుని సూదిలోకి దారం ఎక్కించింది. తర్వాత రెండు పేటల దారంతో, ఒకదాని మీద ఒకటి, గట్టి కుట్లు వేసింది. లోపల మిగిలిన గుడ్డ వేలితో పట్టి చూసింది. మళ్లీ వదులు చెయ్యాలంటే ఉండాల్సిన గుడ్డ అదే.

"అన్నయ్యా, ఇది కత్తిరించేస్తే ఇంకెవరికీ పట్టదు కదూ?" అంది.

పట్టదు. మా కౌన్సిల్ సంగతి నాకు బాగా తెలుసు. మేజిస్ట్రేటుని ఎన్నిసార్లయినా మారుస్తారు గానీ, చచ్చినా రెండో కోటు కొనరు. ఆ సన్నటాయన ఆ మిషను కాగితం మీద సంతకం పెట్టేదాకా అయినా కుర్చీలో ఉంటాడు.

ఇంత చెప్పిన నేనే ఇలా చేశానా అంటారేమో. చేశాను. కత్తెర అందించింది నేనే.