ఆగే కోడలికి లైసెన్సు ఎలా ఇస్తారు?

పాఠకులారా, పరదేశంలో పుచ్చుకున్న డ్రైవింగ్ లైసెన్సును మన దగ్గర చెల్లనివ్వకపోవడాన్ని మించిన అతిథి మర్యాద ఇంకొకటి లేదు! నవ్వకండి. ఇది వచ్చినవాళ్ళ మేలు కోరి చెబుతున్న మాట.

అక్కడి తిండి తింటూ ఇక్కడ బతకొచ్చు, ఇప్పుడు అన్నీ దొరుకుతున్నాయి. అక్కడి మాట మాట్లాడుతూ కూడా బతకొచ్చు. కానీ అక్కడి డ్రైవింగుతో ఇక్కడ రోడ్డెక్కితే ఏమవుతుంది? సాక్ష్యం కావాలంటే యాప్రాల్‌లో ఉండే కమలాబాయి గారి కోడలు క్యారల్‌ని చూడండి.

క్యారల్‌ది న్యూజిలాండ్. కమలాబాయి కొడుకు వేణుమాధవ్ అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో పరిచయమైంది, పెళ్ళయింది. ఇద్దరూ వచ్చి ఇక్కడే కాపురం పెట్టారు. వేణుమాధవ్ పొద్దున్నే ఆఫీసుకు వెళ్తే చీకటి పడితే గానీ రాడు. క్యారల్ ఇంట్లోనే కంప్యూటర్ ముందు పని చేసుకుంటుంది. కింద సెల్లార్‌లో కారుంది. పర్సులో న్యూజిలాండ్ లైసెన్సు ఉంది. ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నా దాని మీద ఒక్క చలానా మచ్చ లేదు.

ఇక అత్తగారి సంగతి. కమలాబాయికి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ ఎక్సర్‌సైజులు చేయించుకోకపోతే కాలు బిగుసుకుపోతుందని, తర్వాత ఏడ్చినా వంగదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఫిజియోథెరపీ క్లినిక్ దూరమేం కాదు. వాళ్ళ బాల్కనీలోంచి బోర్డు చదవొచ్చు. మధ్యలో అడ్డం ఒక్కటే. మెయిన్ రోడ్డు!

రోడ్డు దాటించడానికి ఏ ఆటో వస్తుంది? యూటర్న్ ఎక్కడో ఉంది. "గదే కదా అవ్వా కనబడుతుంది, నడుసుకుంట పో" అనేవాళ్ళు ఆటోవాళ్ళు. కమలాబాయి రోడ్డంచున నిలబడేది. చెయ్యెత్తేది, దించేది. ఒకడుగు ముందుకు వేసి రెండడుగులు వెనక్కి వచ్చేది. కోడలు తోడొచ్చి చెయ్యి పట్టుకున్నా ఇద్దరూ కలిసి అక్కడే నిలబడేవాళ్ళు. చివరికి తనే ఒక ఉపాయం కనిపెట్టింది. అటుగా బర్రెలను తోలుకొచ్చే వేళ చూసుకుని, మందలో కలిసిపోయి దాటేది.

మన ఊళ్ళో బర్రెకు బస్సు కూడా ఆగుతుంది. మూగజీవాల పట్ల మనకున్న దయ అలాంటిది!

తర్వాత ఆ బర్రెల కొట్టం ఉన్న జాగాలో అపార్టుమెంటు కడతామని ఎవరో కొనేశారు. బర్రెలు ఊరు దాటి వెళ్ళిపోయాయి. కమలాబాయి క్లినిక్కుకు పోవడం కూడా వాటితోపాటే పోయింది. కాలు బిగుసుకోవడం షురూ అయింది. కోడలికి ఇక్కడి లైసెన్సు రావాలని ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ మొక్కుకున్నది అత్తగారేనంటే ఆశ్చర్యం లేదు.

క్యారల్ తన కార్డు పట్టుకుని లైసెన్సు ఆఫీసుకు వెళ్ళింది. ఇది తీసుకుని మీది ఇవ్వండి అని అడిగింది. కౌంటర్లో ఆయన కార్డును వెలుతురుకు పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, ఫోటో బాగుందన్నాడు.

"గిది ఈడ నడ్వదు మేడం. మొదటికెల్లి షురూ చెయ్యాలె. ముందు లెర్నర్స్, ఎనుక టెస్టు."

చూశారా ఎంత పెద్ద మనసో! ఏ దేశమైనా నలభై దాటిన మనిషికి మళ్ళీ విద్యార్థి అయ్యే భాగ్యం కలిగిస్తుందా? మనం కలిగిస్తాం. ఇరవై ఏళ్ళు కారు నడిపిన క్యారల్ వెనకా ముందూ ఎర్రటి ఎల్ బోర్డు తగిలించుకుని తిరుమల్ డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

తిరుమల్ పాఠం చెప్పే కారులో బ్రేకులు రెండుంటాయి. ఇన్నేళ్ళుగా ఆ కారులో బ్రేకు తొక్కింది తిరుమల్ ఒక్కడే. మొదటిరోజు క్యారల్ తన వైపు బ్రేకు తొక్కేసరికి ఆయన అదిరిపడ్డాడు. ఎందుకు తొక్కిందయ్యా అంటే, ముందు జీబ్రా క్రాసింగ్ ఉంది. దాని పక్కన పూలబుట్టతో ఒకామె నిలబడి ఉంది.

పూలామె కారును చూసింది, రెండడుగులు వెనక్కి జరిగింది. క్యారల్ నవ్వి, దాటండి అన్నట్టు చెయ్యి ఊపింది. ఎవరిని పిలుస్తోందోనని ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. ఈలోగా వెనకాల హారన్లు మొదలయ్యాయి. పంక్చర్ షాపు దగ్గరి నుంచి నలుగురు మగవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"బ్యాటరీ డౌనైందా మేడం? న్యూట్రల్ల ఎయ్యండి!"

క్యారల్ నో నో అంటూనే ఉంది. వాళ్ళు భుజాలు ఆనించి కారును జీబ్రా దాటించి, పంక్చర్ షాపు ముందు దాకా తోసి నిలబెట్టారు. పైసా అడగలేదు, పేరు చెప్పలేదు. అడగకుండానే కారు తోసిపెట్టే నలుగురు ఏ దేశంలో దొరుకుతారు చెప్పండి? పూలామె మాత్రం అక్కడే నిలబడి ఉంది.

"మేడం, మీరు ఆగుడుతోని అందరు పరేషాన్ అయితున్నరు. ఆగిన బండిని ఈడ ఎవ్వరు నమ్మరు" అన్నాడు తిరుమల్, చెమట తుడుచుకుంటూ.

క్యారల్ నమ్మలేదు. టెస్టు రోజున నమ్మక తప్పలేదు. ట్రాక్ మీద కారు చక్కగా నడుపుతోంది. మలుపు బ్రహ్మాండంగా తిరిగింది. అప్పుడే ఆఫీసు గుమాస్తా ఒకాయన చాయ్ గ్లాసు పట్టుకుని ట్రాక్‌కు అడ్డంగా బయలుదేరాడు. క్యారల్ కారు ఆపింది. కారు ఆగేసరికి ఆయనా ఆగాడు. మీరు వెళ్ళండి అని ఆమె సైగ. లేదు మీరే వెళ్ళండి అని ఆయన సైగ. తను కాలు కదిపిన మరుక్షణం కారు మీదికొస్తుందని ఆయనకు గట్టి నమ్మకం, అంతా అనుభవం మరి! ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగానే చాయ్ చల్లారిపోయింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చి కిటికీ దగ్గర వంగాడు.

"బండి ఎందుకు ఆపినవమ్మా?"

"మనిషి..." అంది క్యారల్.

"మనిషైతే ఏంది?"

ఫెయిల్!

ఇంటికొచ్చి క్యారల్ ఏడ్చినంత పని చేసింది. కమలాబాయి బిగుసుకున్న కాలు చాపుకుని కోడలి పక్కన కూర్చుంది. ఇక తిరుమల్‌తో లాభం లేదని, ఈ పని తనే చేతికి తీసుకోవాలని ఆమెకు అర్థమైంది. మర్నాటి నుంచి తిరుమల్ కారు వెనక సీట్లో అత్తగారు కూడా ఎక్కింది.

"నువ్వు ఆగకు బిడ్డా. హారన్ కొట్టు, ఆల్లే ఆగుతరు. ఇంక జెర గట్టిగ కొట్టు! గా పెద్దమనిషిని చూడకు, చూస్తెనే ఆగబుద్ధి అయితది."

ఇంత సూక్ష్మం ఏ డ్రైవింగు పుస్తకంలో ఉంది? చూస్తేనే కదా జాలి కలిగేది! క్యారల్ బుద్ధిమంతురాలు, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. ముందు హారన్ వచ్చింది. తర్వాత సందు దొరికితే ముక్కు దూర్చడం వచ్చింది. ఆఖరున, మనుషుల మొహాలు చూడకుండా వాళ్ళ మధ్యలోంచి పోవడం వచ్చింది. మౌలాలి దాకా వెళ్ళి వచ్చినా కాలు బ్రేకు మీదికి పోని రోజున తిరుమల్ ఆమెకు దండం పెట్టాడు.

రెండోసారి టెస్టులో గుమాస్తా గారు మళ్ళీ చాయ్ గ్లాసుతోనే వచ్చారు. క్యారల్ హారన్ మోగించింది. ఆయన గ్లాసుతో సహా గడ్డిలోకి దూకాడు. "ఇప్పుడొచ్చింది డ్రైవింగు" అని ఇన్‌స్పెక్టర్ మెచ్చుకున్నాడు. దూకినాయన కూడా మెచ్చుకున్నట్టే తల ఊపాడు.

ఆ తర్వాత కమలాబాయి రోజూ కారులోనే క్లినిక్కు వెళ్ళింది. కాలు వంగడం మొదలైంది. ముందు సీట్లో కూర్చుని దారంతా "పోనియ్ బిడ్డా, పోనియ్" అనేది. రోడ్డంచున చెయ్యెత్తి దించుకునేవాళ్ళు అప్పుడు కూడా ఉన్నారు. కారులోంచి చూస్తే వాళ్ళు ఎందుకో కనిపించేవాళ్ళు కాదు.

ఒక సాయంత్రం క్యారల్ కర్టెన్ బట్ట కోసం రాంగోపాల్‌పేట్ వెళ్ళింది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని, ఆలస్యమవుతుందని ఫోన్ చేసింది. క్లినిక్ మూసే వేళవుతోంది. కాలు నయమైందన్న ధైర్యంతో కమలాబాయి నడిచే బయలుదేరింది. రోడ్డంచున నిలబడింది. చాలాసేపు నిలబడింది. అంతలో వస్తున్న బండ్ల వరసలో తమ కారే కనిపించింది. బానెట్ మీద తను పెట్టిన పసుపు బొట్టు ఇంకా ఉంది.

నా కోడలు వస్తుంటే నాకేం భయం అనుకుంది. చెయ్యెత్తి, నిశ్చింతగా రోడ్డు మీదికి దిగింది.

పొడుగాటి హారన్ ఒకటి మోగింది. కారు ఆమె కొంగును తాకుతూ పక్కకు కట్ కొట్టి వెళ్ళిపోయింది. కమలాబాయి వెనక్కి తూలి ఫుట్‌పాత్ మీద చతికిలబడింది. పంక్చర్ షాపతను వచ్చి లేపి, నీళ్ళు తాగించి, గేటు దాకా నడిపించి వెళ్ళాడు.

కారు పెట్టేసి, కింద కూరగాయలు కొనుక్కుని కోడలు పైకి వచ్చేసరికి అత్తగారు సోఫాలో మోకాలు పట్టుకుని కూర్చుని ఉంది. క్యారల్ తాళాలు బల్ల మీద విసిరేసింది. మొహమంతా ఎర్రబడి ఉంది. ఇప్పుడు తెలుగు కూడా మన తెలుగే వచ్చేసిందామెకు.

"ఏం మనుషులు అత్తమ్మా ఈడ! ఒక ముసలామె సీదా నా కారు ముంగటికే వచ్చింది. చెయ్యి గిట్ల పెట్టి! జెరైతె సచ్చిపోతుండె. అసలు ఏం అనుకొని దిగుతరు రోడ్డు మీదికి?"

కమలాబాయి కోడలి మొహంలోకి చూసింది. కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

"లోపట మనిషి ఉన్నదనుకొని దిగింది బిడ్డా."

క్యారల్‌కు అర్థం కాలేదు. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తుంటే అత్తగారు మళ్ళీ పిలిచింది.

"మీ దేశం కార్డు ఇంకా చెల్లుతదా?"

"చెల్లుతది అత్తమ్మా. ఎందుకు?"

"ఒక్క నెల గాడికి పోయి నడిపి రాపో. నువ్వు వచ్చేదాంక నేను ఇంట్లనే ఉంట."