ఎండ పంపకాల తీర్మానం

మా పట్టణ పురపాలక సంఘం చలికాలపు సమావేశంలో సూర్యుడి వైఖరిని ఏకగ్రీవంగా ఖండించింది.

ఖండించక తప్పలేదు. దక్షిణం వైపు కొండ అడ్డం రావడంతో చలికాలమంతా ఊళ్లో ఎండపొడ ఉండదు. ఎదుటి కొండ నెత్తిన మాత్రం, అక్కడ ఒక్క ఓటరూ లేకపోయినా, నిక్షేపంగా కాస్తూనే ఉంటుంది. ఎన్నికైన సంస్థను ఇంత బాహాటంగా అవమానించడం సబబేనా అని చైర్మన్ గారు సభను అడిగారు. సూర్యుడి తరఫున ఎవరూ హాజరు కానందున ఆరోపణ రుజువైనట్టు రాసుకున్నారు.

ఈ విషయాన్ని సభ ముందుకు తెచ్చింది పరుపుల మామ్మ. ఊళ్లో సగం మందిని నిద్రపుచ్చేవి ఆవిడ కుట్టిన పరుపులు. మిగతా సగాన్ని కౌన్సిల్ ప్రసంగాలు చూసుకుంటాయి. ఆవిడ కూతురి కూతురు బుజ్జికి మూడేళ్లు నిండినా కాళ్లు నిలవలేదు. ఎముకల్లో బలం లేదనీ, మందుతోపాటు రోజూ కాసేపు ఒంటికి ఎండ తగలాలనీ డాక్టరమ్మ చెప్పింది. మామ్మ పిల్లను చంకనేసుకుని నేరుగా సభకు వచ్చింది.

"నాకు రోడ్డొద్దు, దీపం వద్దు నాయనా. మా అరుగు మీద రోజూ ఓ అరగంట ఎండ పడేట్టు చూడండి. అంతే."

"ఎండ మా పరిధిలోకి రాదు మామ్మా!" అన్నారు కమిషనర్ గారు.

"పన్నులెయ్యాలంటే అన్నీ మీ పరిధిలోకే వస్తాయిగా బాబూ. ఇదీ అలాగే రప్పించండి."

సభ గొల్లుమంది. చైర్మన్ గారు నవ్వలేదు. వారికి పసిపిల్ల, ఎండ, పత్రికలో తన ఫొటో ఒకే వరసలో కనిపించాయి. "ఈ చిట్టితల్లి నడిచేదాకా నాకు నిద్ర పట్టదు!" అని గద్గద స్వరంతో ప్రకటించి భోజనానికి లేచారు. వారు నిద్ర లేచాకే మధ్యాహ్నం సభ మొదలైంది.

పరిష్కారం ఇంజనీరు చెప్పాడు. ఎదుటి కొండ మీద పెద్ద అద్దం నిలబెడితే అక్కడి ఎండ ఊళ్లో పడుతుంది. చరఖాలాంటి చక్రం తిప్పితే అద్దం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. మాట బాగుంది గనక ఆమోదించారు. దాన్ని తిప్పే ఉద్యోగానికి అర్హుల కోసం గాలించగా, అదృష్టవశాత్తూ చైర్మన్ గారి బావమరిదే దొరికారు. ఆయన రోజూ గడ్డం గీసుకుంటారు. అద్దంతో అంతటి సుదీర్ఘ అనుభవం ఊళ్లో మరొకరికి లేదు.

ప్రారంభోత్సవం నాడు అద్దం తిరిగింది. ఎండ జారుకుంటూ వచ్చి పెద్దవీధి మీద పరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి.

ఎండలో అన్నీ కనిపించాయి మరి. నిరుడు వేసిన రోడ్డులో రోడ్డు లేని చోట్లు, సంత వెనక చెత్త దిబ్బ, మొన్న కట్టిన కౌన్సిల్ భవనం గోడకు పైనుంచి కిందిదాకా నెర్ర. ఇళ్లలోనూ అదే గొడవ. గడియారాల కొట్టాయన ఇంట్లో అత్తాకోడళ్ల మాటలు వీధి చివరికి వినిపించాయి.

"ఏవమ్మాయ్, మూలమూలా ఇంత బూజు పెట్టుకున్నావా?"

"ఈ ఇల్లు నా చేతికొచ్చి నెల తిరగలేదత్తయ్యా. అదంతా మీ హయాంలోదే."

అద్దం వల్ల ఊరికి చెడ్డపేరు వస్తోందని కౌన్సిల్ గ్రహించింది. ముఖం బాగోకపోతే అద్దాన్ని మార్చాలి గానీ ముఖం ఎవరు మారుస్తారు? ఏ లోపమూ లేని చోట మాత్రమే ఎండ పడాలని తీర్మానించారు. అలాంటి చోటు కోసం ఊరంతా సర్వే చేశారు. చైర్మన్ గారి మేడ మీద బట్టలారేసే తీగ ఒక్కటే అర్హత సాధించింది. ఆ వారమంతా వారి పంచెలు దేదీప్యమానంగా ఆరాయి.

మామ్మ మళ్లీ వెళ్లింది. అరుగు అంచు విరిగి ఉన్నందున అర్జీ తోసిపుచ్చామన్నారు కమిషనర్ గారు.

"ఎండ అరుక్కి కాదు నాయనా, పిల్లకి."

"పిల్లలోనూ లోపం ఉంది కదా మామ్మా. కాళ్లు నిలవవంటున్నావు."

"అది పోవడానికేగా ఎండ అడుగుతోంది!"

"పోయాక రా. అదే రోజు మంజూరు చేస్తాం."

ఈలోగా తీగకు దక్కిన గౌరవం చూసి వార్డులన్నీ భగ్గుమన్నాయి. మాకేదని పైవీధి అడిగింది. పైవీధికి ఇస్తే ఊరుకోమని కిందివీధి అంది. మీకు కావాలా అని అడిగితే, "మాకు రాకపోయినా ఫర్వాలేదు, వాళ్లకు పోకూడదు" అని కిందివీధి సభ్యుడు సూటిగా చెప్పారు. ఈ నిజాయితీని సభ హర్షించింది. స్వెట్టర్ల కొట్టు యజమాని కూడా అయిన వైస్ చైర్మన్ గారు, జనాన్ని వణకనివ్వకపోవడం స్థానిక వ్యాపారాన్ని దెబ్బతీయడమేనంటూ కన్నీరు పెట్టుకుని, తన కొట్టు మఫ్లర్‌తోనే తుడుచుకున్నారు.

వంతులు వేశారు. అన్ని వార్డులకూ సమానంగా, తలా కాసేపు. ఒక వార్డు నుంచి మరో వార్డుకు అద్దం తిప్పేసరికి బావమరిది గారికి చెమట పట్టేది. ఆ చెమట ఆరేసరికి పొద్దు గుంకేది. అయినా ఫిర్యాదులు ఆగలేదు. ఎండ తమ ఇళ్ల మీదుగా వెళ్తూ కనీసం ఆగలేదని ఒక వార్డు పరువునష్టం కింద నోటీసు ఇచ్చింది.

చివరికి చైర్మన్ గారే దారి చూపారు. అద్దం మీద టార్పాలిన్ కప్పించారు.

"ఈ రోజు నుంచి మన పట్టణంలో ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు! పంపకంలో ఇంతటి న్యాయం చరిత్రలో ఎక్కడైనా జరిగిందా?"

జరగలేదు. సభ లేచి నిలబడి హర్షధ్వానాలు చేసింది. గాలికి టార్పాలిన్ ఎగిరి న్యాయానికి భంగం కలగకుండా బావమరిది గారిని కాపలా పెట్టారు.

మర్నాడు పొద్దున్నే మామ్మ బుజ్జిని వీపున కట్టుకుంది. చిన్న పరుపొకటి చుట్టి నెత్తిన పెట్టుకుంది. నాలుగడుగులకోసారి ఆగుతూ ఎదుటి కొండ ఎక్కింది.

"ఇక్కడికి రాకూడదు మామ్మా" అన్నారు బావమరిది గారు.

"నీ అద్దం జోలికి రానబ్బాయ్. ఈ రాతి మీద కూచుంటాను. ఇక్కడి ఎండ నీ అద్దంలోంచి వచ్చింది కాదుగా?"

ఆయన ఆలోచించారు. అలవాటు లేని పని కావడంతో త్వరగా అలసిపోయారు. మామ్మ పరుపు పరిచింది. ఒక చివర బుజ్జి, మరో చివర ప్రభుత్వం. ఇద్దరూ ఎండలో పడుకున్నారు.

రోజూ ఇదే వరస. చలికాలం ముగిసే వేళకు బుజ్జి టార్పాలిన్ తాడు పట్టుకుని నిలబడింది. ఓ రోజు తాడు వదిలేసింది. "మామ్మోయ్, నడిచేసింది!" అని బావమరిది గారు కేక పెట్టారు. ఉద్యోగంలో చేరాక ఆయన చేసిన తొలి నివేదిక అదే.

బుజ్జి అమ్మమ్మ వేలు పట్టుకుని పెద్దవీధిలో నడిచిన రోజున కౌన్సిల్ పొంగిపోయింది. పిల్లను నడిపించినందుకు అద్దానికి, ముసుగు తీయకుండానే, ఘనంగా సన్మానం చేసింది.

ఊరు మాత్రం పొంగలేదు. లెక్కలు వేసుకుంది. అందరికీ సమానంగా లేని ఎండ ఒక పిల్లకెలా దొరికింది? అర్జీ తయారైంది. తిన్న ఎండను కక్కించే మార్గం లేదని ఇంజనీరు తేల్చడంతో, కొండదారికి గేటు పెట్టి తాళం వేయాలని కోరారు. విచారణకు మామ్మను పిలిచారు.

"వచ్చే చలికాలం కూడా ఎండ తగలాలందిరా డాక్టరమ్మ. ఆ దారి ఇన్నాళ్లూ తెరిచే ఉందిగా. మీరూ రావాల్సింది."

"ఆ ఏటవాలు ఎవడెక్కుతాడు మామ్మా, మోకాళ్లు పోవూ!" అన్నాడు గడియారాల కొట్టాయన.

"మరి మీకెందుకురా బాధ?"

"మేం ఎక్కలేదు కాబట్టే!"

వాదనలో బలం ఉందని సభ అంగీకరించింది. గేటు వెలిసింది, తాళం పడింది.

ఈ చలికాలం మామ్మ గేటు దగ్గరే ఆగిపోతోంది. కింద సందు పెద్దవాళ్లకు చాలదు. బుజ్జికి చాలు. దూరి అవతలికి వెళ్లి, "నువ్వూ రా అమ్మమ్మా" అని కాసేపు పిలిచి, తనే కొండెక్కుతోంది. పైనుంచి బావమరిది గారు ఎదురొచ్చి ఎత్తుకుంటున్నారని భోగట్టా.

కొండెక్కాలంటే ఆయాసం. ఎక్కినవాళ్లను దింపాలంటే సంతకం చాలు. గేటు కింది సందు పూడ్చాలని కోరే కొత్త అర్జీ కౌన్సిల్ వరండాలో బల్ల మీద ఉంది. ఊరంతా సంతకాలు పెట్టేసినా అడుగున కాస్త చోటు మిగిలింది. మీరు జేబు తడుముకోనక్కర్లేదు. కలం కూడా అక్కడే దారంతో కట్టి ఉంచారు.