ట్రంకుపెట్టె కింద ముఠా

గోదావరికి ఈ ఒడ్డున నాలాంటి బుర్ర ఇంకొకటి లేదని నేను మొట్టమొదట ప్రకటించింది మా క్వార్టర్ల పంపు దగ్గర.

"ఈ లైన్ల ఏ నేరం జరిగినా సరే, ఇరవైనాలుగు గంటలల్ల నేరస్తున్ని పట్టి మీ ముంగట నిలబెడ్త. గిది రాయమల్లు మాట!"

వెనక వరుసలోంచి ఎవరో, "ముందుగాల నీ బిందె జరుపు సర్దారూ, నిండి పారవట్టె" అన్నారు. మేధావులకు ఇలాంటి అవమానాలు మామూలే కనుక బిందె జరిపి ఊరుకున్నాను.

నా మేధస్సుకు పునాది బొగ్గుబాయిలో పడింది. నేను మైనింగు సర్దారును. చేతికర్రతో బాయి కప్పును కొట్టి చూసి, అది పలికే శబ్దాన్ని బట్టి దాని కింద మనుషులు పనిచేయవచ్చో లేదో చెప్పడం నా ఉద్యోగం. ఖణ్‌మని గట్టిగా పలికితే భయం లేదు. డబ్‌మని డొల్లగా పలికితే మాత్రం దారికి అడ్డంగా రెండు కట్టెలు ఇంటూ గుర్తులా పెట్టేస్తాను. ఆ కట్టెలను ఎవరూ దాటరు. పెట్టిన సర్దారు తప్ప మరొకరు తీయరు. దాటినవాళ్ల గతి ఏమైందో చూసినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు కనుక, ఆ విషయంలో నవ్వులాటకు కూడా ఎవరూ చెయ్యి పెట్టరు.

రోజుకు ఎనిమిది గంటలు బండరాయి మనసు కనిపెట్టేవాడికి మనిషి మనసొక లెక్కా? పైగా బజారులో అద్దెకు దొరికే డిటెక్టివు నవలలు అరవై దాకా నమిలి మింగాను. ఇక కావలసింది కేసు మాత్రమే.

అంతకు ముందు కేసు లేదని కాదు. మా కోడిపెట్ట అపహరణ కేసులో ముగ్గురు అనుమానితుల వేలిముద్రలు సేకరించాను. బొగ్గు ఊళ్లో ఏ గోడ మీద చూసినా అందరి వేలిముద్రలూ ఉంటాయన్న చిన్న విషయం అప్పుడు తట్టలేదు. ఇరవై ఒకటో రోజున పెట్ట మా కట్టెలకుప్ప వెనకనుంచి తొమ్మిది పిల్లలతో బయటికి వచ్చింది. అనుమానితులు ముగ్గురూ నాతో మాటలు మానేశారు. అందులో ఒకావిడ మా అత్త.

ఆ మంగళవారం మొదటి షిఫ్టు దిగి వచ్చి అన్నం ముందు కూర్చున్నానో లేదో, పక్క క్వార్టరు మార్తమ్మ వచ్చింది. ఆమె భర్త సామ్యేల్ బాయిలో బొగ్గుతొట్లను లాగే హాలేజీ నడుపుతాడు. వరస కలుపుకుని ఆమె నన్ను అన్నా అంటుంది, అతను బావా అంటాడు.

"అన్నా, ఓసారి వస్తవా? లోపలి అర్రల గోడ పొంటి మట్టిగీత లేస్తున్నది. నిన్న ఊడ్సిన, పొద్దటికల్ల మల్ల లేసింది. ట్రంకుపెట్టె ఆ గోడకే ఉన్నది. జర పెట్టె జరుపుదువు రా. మా సుసన్న సర్టిఫికెటు అండ్లనే ఉన్నది. ఎల్లుండే ఇంటర్వ్యూ."

సుసన్న వాళ్లకు ఒక్కగానొక్క బిడ్డ. మంచిర్యాలలో హాస్టల్లో ఉండి చదివింది. మా లైన్లో మెట్రిక్ పాసయిన మొదటి ఆడపిల్ల. గురువారం కరీంనగర్‌లో నర్సు ట్రైనింగుకు ఇంటర్వ్యూ ఉంది. అసలు సర్టిఫికెట్టు చేతిలో లేకపోతే లోపలికే రానివ్వరని కబురు పంపారు.

ఇదంతా నా చెవిలో పడలేదు. "మట్టిగీత" అన్న మాట దగ్గరే నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"చెద పట్టినట్టున్నది," అంది నా భార్య సారలమ్మ పులుసు పోస్తూ. "పోయి పెట్టె జరిపి రా. గింత గ్యాసునూనె పోస్తే అయిపాయె."

"అమాయకురాలా!" అన్నాను. "మామూలు కండ్లకు చెదనే కనిపిస్తది."

"నీ కండ్లకేం కనిపిస్తదో!"

చెయ్యి కడుక్కుని, హెల్మెట్టు పెట్టుకుని, కర్ర పట్టుకుని బయలుదేరాను. నవలల్లో డిటెక్టివులకు మంచి మంచి టోపీలుంటాయి. నాకున్న టోపీ అదొక్కటే.

లోపలి గదిలో, నేలలోంచి లేచిన మట్టిగీత గోడ పట్టుకుని సరాసరి ట్రంకుపెట్టె వెనక్కి పోతోంది. వేలితో గీకాను. లోపల ఖాళీగా ఉంది. సొరంగం! పదిహేనేళ్లుగా సొరంగాల్లో బతుకుతున్నవాణ్ణి, పనితనం చూస్తే తెలియదా? ఎక్కడా వంకర లేదు, మలుపు దగ్గర మందం పెంచారు, గాలికి దారి వదిలారు. ఏ పెద్ద ఇంజనీరో గీసి ఇచ్చినట్టుంది. తరవాత పెట్టె ముందు నేలను కర్రతో కొట్టాను. డబ్. ఇంకోచోట కొట్టాను. డబ్ డబ్.

"చెల్లే," అన్నాను గొంతు తగ్గించి, "గిది చెద పని గాదు. మనుషుల పని. ఎనుక సందులకెల్లి గ్యాలరీ కొడ్తున్నరు. పెట్టె కిందికి రానే వచ్చిండ్రు. వాళ్లు ఎత్తిపోస్తున్న మట్టే గిది."

"మా పెట్టెల ఏమున్నదన్నా? రెండు చీరెలు, బైబిలు, పిల్ల సర్టిఫికెటు."

"నేను గదే ఆలోచిస్తున్న. పెద్ద ముఠాలకు ఏం గావాల్నో మనకు తెల్వది."

గుమ్మంలో నిలబడ్డ సుసన్న గోడ వైపు చూసి, "మామా, ఆ గీతల తెల్లపురుగు పాకుతున్నది" అంది మెల్లగా.

"మంచి కన్నున్నది బిడ్డా నీకు," అన్నాను మెచ్చుకుంటూ. "మనల్ని దారి తప్పియ్యనీకె వాళ్లే వదిలిండ్రు."

ఆ తర్వాత ఏ సర్దారైనా చేసేదే చేశాను. ఆ గది గుమ్మానికి రెండు కట్టెలు ఇంటూ గుర్తులా అడ్డం పెట్టాను. "నేల డొల్లగున్నది. నేను తీసేదాక ఎవ్వరు లోపల కాలు పెట్టద్దు," అన్నాను. మార్తమ్మ ఏదో అనబోయి కట్టెలను చూసి ఆగిపోయింది. పెట్టె జరపమని పిలిచిన మనిషిని పెట్టె దగ్గరికే పోకుండా చేసి, నేను ఇంటికి పోయి చల్లారిన అన్నం తిన్నాను.

బుధవారం షిఫ్టు దిగాక దర్యాప్తు వెనక సందులోకి మారింది. ఈ ముఠా నాయకుడు తవ్వకంలో ఆరితేరినవాడై ఉండాలని తేల్చాను. మా లైన్లో ఉన్నవాళ్లంతా తవ్వకంలో ఆరితేరినవాళ్లే కావడంతో అనుమానితుల సంఖ్య తగ్గలేదు. అంతలో గోడ అవతలి క్వార్టరు ఎల్లేశం కనిపించాడు. మోచేతుల దాకా మట్టి. చంకలో ఒక పొట్లం.

"ఎల్లేశం! చేతులకు ఆ మట్టేంది?"

"పొయ్యి ఏస్తున్ననన్నా. పాతది పలిగింది."

"పొయ్యి! బాగున్నది. మరి ఆ పొట్లంల ఏమున్నది?"

"గమాక్సిన్ పొడి. మార్తమ్మక్క ఇంట్ల చెద లేసిందట గదా, ఇచ్చొద్దామని తెచ్చిన."

"విషం!" అన్నాను.

"విషమే అన్నా. విషం గాకపోతే చెద ఎట్ల సస్తది?"

తన నోటితో తానే ఒప్పుకున్నాడు. ఎంత తెలివైన నేరస్తుడైనా ఎక్కడో ఒకచోట నోరు జారతాడు. పొట్లాన్ని స్వాధీనం చేసుకుని చొక్కా జేబులో కుక్కుకున్నాను. ఎల్లేశం కాసేపు నా ముఖంలోకి చూసి, "పానం మంచిగున్నదా అన్నా నీకు?" అని నిజంగానే దిగులుగా అడిగాడు.

పొద్దుగూకే వేళకు సామ్యేల్ వచ్చాడు.

"బావా, రేపు ఏడింటి బస్సుకు పిల్లను తోల్కపోవాలె. కాయితం తీసుకోనీకె కట్టెలు తీస్తవా?"

"పొద్దుగాల ఐదింటికి తీస్త. అప్పటికల్ల ముఠా నా చేతుల ఉంటది."

"మంచిది," అన్నాడు సామ్యేల్.

అంతే. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సొంత ఇంట్లో, సొంత పెట్టెకు నాలుగడుగుల దూరంలో ఉండి, పొయ్యిలో పెట్టుకునేపాటి రెండు కట్టెలను దాటలేదు. పందొమ్మిదేళ్లుగా సర్దారు మాట మీద ప్రాణం పెట్టి బాయిలోకి దిగుతున్నవాడు అతను. పొమ్మంటే పోతాడు, ఆగమంటే ఆగుతాడు. ఆ నమ్మకాన్ని నా సరదాకు వాడుకున్నానని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ రోజు మాత్రం సిగ్గు పడలేదు. ఛాతీ విరుచుకుని ఇల్లు చేరాను.

గురువారం ఐదింటికి లేస్తానన్నవాణ్ణి ఆరుంబావుకు లేచాను. అదైనా సారలమ్మ నెత్తిన చెంబెడు నీళ్లు పోస్తే లేచాను.

సుసన్న చలువ చేసిన ఓణీ వేసుకుని, జడ బిగించుకుని, అడ్డకట్టెల ముందు పీట మీద కూర్చుని ఉంది. మార్తమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. సామ్యేల్ చెప్పులు వేసుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎల్లేశం కూడా వచ్చాడు. నా వెనకే సారలమ్మ వచ్చింది.

"అందరు ఎనుకకు జరుగుండ్రి!" అని గర్జించి, కట్టెలు తీసి లోపలికి అడుగుపెట్టాను.

నేలను కొట్టాను. డబ్. ఇంకో అడుగు వేశాను. డబ్. మూడో అడుగు వేయగానే నా కుడికాలు మోకాలి దాకా నేలలోకి దిగబడింది. పట్టు కోసం ట్రంకుపెట్టెను వాటేసుకున్నాను. పెట్టె రెండు దుంగల మీద ఉంది. ఆ దుంగలు అటుకుల్లా పొడైపోయాయి. పెట్టె పక్కకు ఒరిగి మూత తెరుచుకుంది, నేను బోర్లా పడ్డాను, నా జేబులో పొట్లం పగిలింది. గదంతా పొడి లేచింది.

దగ్గు ఆగాక కళ్లు తెరిచి చూస్తే, నా కడుపు కింద పగిలిన నేలలో తేనెతుట్టెలా అరలు అరలుగా చెదల గూడు. వేలకు వేలు పురుగులు పొడిలో గిలగిల కొట్టుకుంటున్నాయి. నడిమి అరలో బొటనవేలంత లావున తెల్లగా తల్లిపురుగు. ముఠా నాయకురాలు నా బొజ్జ కింద పడి పట్టుబడింది.

"ముఠా దొరికిందా బావా?" అని గుమ్మంలోంచి సామ్యేల్ అడిగాడు. ఎగతాళికి కాదు, నమ్మకంగానే అడిగాడు.

"దొరికింది," అన్నాను నోట్లో పొడి ఉమ్మేస్తూ. "చెద."

"మొన్న పులుసు పోసుకుంట నేనేమన్న?" అంది సారలమ్మ.

ఎల్లేశం లోపలికి వచ్చి దుంగముక్క ఒకటి చేతిలోకి తీసుకుని నలిపాడు. "వీటి నుంచే వచ్చింది చెద. ఎక్కడియివి, బాయిల పాత దిమ్మెలా? ఎవలిచ్చిండ్రు?"

మార్తమ్మ నా వైపు చూసింది. పెట్టెకు చెమ్మ తగలకుండా ఉంటుందని, వాళ్లు ఆ క్వార్టర్లోకి వచ్చిన రోజున బాయి కప్పుకు ఊతంగా వాడి పారేసిన దిమ్మెల్లోంచి రెండు ముక్కలు ఏరి మోసుకొచ్చి ఇచ్చింది నేనే. ఊరంతా కొట్టి చూసేవాణ్ణి, ఆ రెండు దుంగలను కొట్టి చూడలేదు.

సుసన్న నన్ను దాటుకుని పోయి పెట్టెలోకి వంగింది. చీరెలు జల్లెడలయ్యాయి. బైబిలు అట్ట సగం పోయింది. సర్టిఫికెట్టును ఆ పిల్ల రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే, నడిమి కన్నంలోంచి ఆమె ముఖం నాకు కనిపించింది. పైన పేరుంది, నంబరుంది. కింద ముద్ర ఉంది. మార్కులన్నీ చెదలు తినేశాయి. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది.

"మంగళారమే కట్టెలు దాటి తెచ్చుకుందునంటి మామా," అంది. "నాయిన వద్దన్నడు. సర్దారు ఊకె పెట్టడు బిడ్డా అన్నడు."

అరవై నవలల్లో ఏ తూటా తగలనంత గట్టిగా ఆ మాట తగిలింది నాకు.

"బస్సుకు ఎంత టయిమున్నది?" అన్నాను లేస్తూ.

"పావుగంట."

"నడువుండ్రి. నేనొస్త."

గూడు సంగతి ఎల్లేశానికి, ఆడవాళ్లకు వదిలేశాం. వాళ్లు చేతి లోతున తవ్వి, మిగిలిన చెదను ఎత్తి కాల్చి, గుంటలో గ్యాసునూనె పోశారట. సామ్యేల్, సుసన్న, నేను బస్సెక్కాం. నా ఒంటి మీది పొడి వాసనకు చుట్టుపక్కల సీట్లు వాటంతటవే ఖాళీ అయ్యాయి. పెద్దపల్లి దాటాక సామ్యేల్ నోరు విప్పాడు.

"బావా, ఒక్క మాట. బాయిల కప్పు కొట్టేటప్పుడు మాత్రం డిటెక్టివువై కొట్టకు. సర్దారువై కొట్టు."

"తప్పయింది బావా," అన్నాను.

ఇంటర్వ్యూ గదిలో కళ్లద్దాలు పెట్టుకున్న పెద్ద నర్సమ్మ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "నంబరుంది కాబట్టి నకలు తెప్పించుకోవచ్చు. కానీ ఇది ఎలా పాడైందో బాధ్యత గలవాళ్లు ఎవరైనా రాసి సంతకం పెట్టాలి," అంది. సుసన్న తలుపు దగ్గర పొడితో తెల్లగా నిలబడ్డ నా వైపు చూపించింది.

పదిహేనేళ్లుగా రోజూ షిఫ్టు దిగగానే రిపోర్టు రాసిన చెయ్యి కనుక, కాగితం ఇవ్వగానే దానంతటదే రాసుకుపోయింది.

"స్థలం: సామ్యేల్ క్వార్టరు, లోపలి గది. మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు తనిఖీ చేశాను. అవి చెదలని నా భార్య చెప్పింది, ఈ అమ్మాయి చెప్పింది, మర్నాడు ఎల్లేశం చెప్పాడు. నేను వినలేదు. దారి మూసింది నేను. మందు గుంజుకున్నది నేను. చెదలున్న దుంగలు తెచ్చి ఇచ్చింది కూడా నేనే. అమ్మాయి తప్పు ఏమీ లేదు."

పెద్ద నర్సమ్మ చదివి, కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుని, కాగితం పక్కనున్న డాక్టరు గారికి ఇచ్చింది. ఆయన భుజాలు అదిరాయి. కాసేపటికి గదిలో నవ్వనిది సుసన్న, సామ్యేల్, నేను ముగ్గురమే.

"అయితే నేరం చేసింది మీరేనన్నమాట," అంది ఆమె.

"నేనేనమ్మా," అన్నాను.

సుసన్నను గంటసేపు ప్రశ్నలు అడిగారు. పేరు రాసుకున్నారు. నకలు నెలలోపు తెచ్చివ్వమని, ట్రైనింగుకు రమ్మని చెప్పారు. బయటికి రాగానే సామ్యేల్ కండువాలో ముఖం దాచుకున్నాడు. నేను గోడ వైపు తిరిగాను. పొడి కళ్లలో పడిందని చెప్పాను.

తిరుగు బస్సులో నా పక్కసీటు ఎప్పటిలాగే ఖాళీ. సుసన్న వచ్చి, ముక్కుకు ఓణీ అడ్డం పెట్టుకుని అందులో కూర్చుంది.

"మామా, అంత మంచిగ రాసినవు గదా. సంతకం కింద సర్దారని మాత్రమే ఉన్నది. డిటెక్టివని ఎందుకు రాయలే?"

"రాసిన బిడ్డా," అన్నాను. "ఆ నర్సమ్మ కొట్టేసింది."

మంగళవారం నుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. గోదావరిఖని వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.