గెలకు పెట్టిన పొగ

ఆ ఉదయం శశిధర్ తలపెట్టిన పని చాలా చిన్నది. పెరట్లో కోసిన మొదటి అరటిగెలను స్టోర్‌రూములో పెట్టి, పొగవేసి, శుక్రవారం భార్య నోముకు మాగబెట్టాలి. తెనాలి బజారులో పళ్ళకు కొరత లేదు. తన తెలివి మీద అతనికి పెద్ద నమ్మకమూ లేదు. కానీ ఫోన్లో చూసిన వీడియో మీద ఉంది.

వరండాలో నిలబడి, కొలకలూరులో ఉన్న స్నేహితుడు కోటయ్యకు ఫోన్ చేశాడు.

"ఇవాళ పొగ పెట్టేస్తున్నాన్రా. గాలాడకుండా తలుపులన్నీ బిగిస్తా. రెండ్రోజుల్లో మెత్తబడక చస్తుందా! ఆదిలక్ష్మికి మాత్రం చెప్పలేదు."

లోపల పేపరు చదువుతున్న ప్రకాశరావు చెవిన ఇదంతా పడింది. అతను ఆదిలక్ష్మి అన్నయ్య. రేపల్లె నుంచి కంటి పరీక్షకని వచ్చి, కళ్ళు బాగానే ఉన్నాయని తేలాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. ఇష్టంలేని చుట్టాన్ని సాగనంపడాన్నీ పొగపెట్టడమనే అంటారని అతనికి బాగా తెలుసు. ఆకలి లేదంటూనే రెండు పెసరట్లు తిని, సంచి సర్దుకున్నాడు.

"అప్పుడే వెళ్తావేంటన్నయ్యా?"

"ఊపిరాడుతుండగానే పోవాలమ్మా," అని మెట్లు దిగాడు.

ఆదిలక్ష్మి మొగుడి మీదికి వచ్చింది. "మా అన్నయ్యనేమన్నారు?"

"నేనేమన్నానే!" అంటూ శశిధర్ స్టోర్‌రూములోకి తప్పుకుని పిడకలు అంటించాడు. అవి తడివి. తడి పిడక మండదు, ఊరికే రాజుకుని పొగగా మారి దారి వెతుక్కుంటుంది. శశిధర్ కిటికీకి గోనెసంచులు కట్టి, తలుపు వేసి బయటికొచ్చాడు కానీ, వంటింటివైపు వెంటిలేటరు సంగతి మరిచాడు. పొగ వంటింట్లోకి, హాల్లోకి, అక్కణ్ణుంచి వీధిలోకి నడిచింది.

"ఇల్లంటుకుందండీ!" ఎదురింటి బ్లెస్సీ కేకపెట్టింది.

వీధి మలుపులో ఆటో కోసం నిలబడ్డ ప్రకాశరావు సంచి విసిరేసి పరుగెత్తుకొచ్చాడు. స్టోర్‌రూము తలుపును ఒక్క తన్ను తన్ని, రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించాడు. పొగ విరిగాక, ఊడిన తలుపు పక్కన తడిసిన గెల కనబడింది.

"ఇదేంటి బావా?"

"గెలండి. పొగ పెట్టాను."

"గెలకా?"

"మరెవరికండి?"

ప్రకాశరావు తల దించుకున్నాడు. "నాకేమో అనుకున్నా."

ఆ ఆలోచన తనకెప్పుడూ రాలేదని ఒట్టేసే ధైర్యం శశిధర్‌కు లేదు. అందుకే కాస్త గట్టిగానే అన్నాడు.

"ఎంత మాట బావగారూ! మీరింకో నెల ఉండాల్సిందే!"

"ఇంత ఇదిగా అడుగుతుంటే కాదంటానా?" అని ప్రకాశరావు సంచి తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

మసిబారిన ఇల్లు కడగడానికి సాయం ఉంటుందని, ఆదిలక్ష్మి ఆ సాయంత్రమే ఫోన్ చేసి వదిననూ రమ్మంది.