ప్రభుత్వ ఆస్తి అయిన మా బావ గొంతు

ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయునదేమనగా, మా బావ నోరు మూసుకున్నాడు. ఎవరితోనో గొడవపడి కాదు, గొంతు పోయీ కాదు. గొంతు నిక్షేపంలా ఉంది. పోయిన నెల ఒకటో తేదీ నుంచి అది ప్రభుత్వ ఆస్తి గనక, ప్రభుత్వ ఆస్తిని సొంత పనులకు వాడుకోవడం నేరం గనక, చట్టానికి కట్టుబడిన పౌరుడిగా మూసుకున్నాడు. ఉత్తర్వు ఆయన చేతికిచ్చి రసీదు మీద సంతకం పెట్టించుకున్నది నేనే. నేను గొంతు పరిరక్షణ విభాగంలో సీనియర్ గుమాస్తాని. ఆయన మా అక్క మొగుడు. ఈ రెండు విషయాలకూ సంబంధం లేదని ఫైల్లో రాసి ఉంది.

బావ వృత్తి డబ్బింగ్. ఇరవై ఆరేళ్ళు ఒక్క హీరోగారికే గొంతు అరువిచ్చాడు. తెర మీద ఆయన పెదవులు కదిపేవారు, మూసిన గదిలో మైకు ముందు నిలబడి మా బావ మాట్లాడేవాడు. హీరోగారి సొంత గొంతు, దాచేదేముంది, నూనె వెయ్యని తలుపులా ఉంటుంది. పైగా డైలాగులు గుర్తుండవు. అందుకని షూటింగులో మాటల బదులు అంకెలు లెక్కపెట్టేవారు. ప్రేమ సన్నివేశమైతే ఒకటి నుంచి పది దాకా, మెల్లగా. విలన్‌కు సవాలు విసరాలంటే ముప్ఫై నుంచి యాభై దాకా, పళ్ళు కొరుకుతూ. తల్లి చనిపోయే సీన్లో ‘డెబ్బై మూడు’ దగ్గర ఆయన కార్చిన కన్నీటికి బహుమతి కూడా వచ్చింది. ఆ పెదవుల కదలికకు సరిపడా మాటలు పేర్చి ప్రాణం పోసేది మా బావ. ఈలలు హీరోగారికి. ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు, ఎవరికీ ఫిర్యాదు లేదు.

కళాసేవ ముగిశాక హీరోగారు ప్రజాసేవకు దిగారు. మొదటి బహిరంగ సభలో వేదిక మీద ఆయన, పరదా వెనక చిన్న తెర ముందు మైకుతో మా బావ. ఆయన అలవాటు ప్రకారం ఒకటి నుంచి రెండు వందల నలభై దాకా లెక్కపెట్టారు. తెర మీద ఆ పెదవులు చూస్తూ బావ ప్రసంగించాడు: “నేను నా కోసం రాలేదు, మీ కోసం వచ్చాను! మీ కంట్లో నీరు నా గుండెల్లో నిప్పు! అన్యాయాన్ని పాతరేసేదాకా నిద్రపోను!” హీరోగారు ‘నూట అరవై నాలుగు’ అన్న చోట ‘పాతరేసేదాకా’ అచ్చంగా అతికిందని బావ చాన్నాళ్ళు చెప్పుకున్నాడు, చెప్పుకునే వీలున్న రోజుల్లో. జనం బావురుమన్నారు. ముందు వరుసలో నిలబడి నేనూ ఏడ్చాను. మాట్లాడుతున్నది మా బావేనని నాకు తెలుసు. ఇంట్లో ఆ గొంతు ‘కాస్త మంచినీళ్ళందించరా’ అంటే విసుక్కునేవాణ్ణి. సభలో వింటే ఏడుపాగలేదు. ఆ ఎన్నికల్లో నూటికి డెబ్బై మంది ఆ గొంతుకే ఓటేశారు.

హీరోగారు (ఇకపై నాయకుడుగారు అని చదువుకోగలరు) రోజుకు పదిహేను చోట్ల మాట్లాడాలి. బావకున్నది ఒక్క గొంతు. కాబట్టి ఒక యంత్రాన్ని తెప్పించారు. ఇరవై ఆరేళ్ళ సినిమాలన్నీ దానికి వినిపించారు. మూడో రోజుకల్లా అది మా బావలా మాట్లాడింది. నాలుగో రోజున మా బావతో పని తీరింది. ప్రభుత్వం కృతజ్ఞత లేనిది కాదు. ఆయనకు గాజుతో చేసిన నోరొకటి జ్ఞాపికగా ఇచ్చింది. చాలా అందంగా ఉంటుంది. అక్క దాన్ని అలమరలో మందుల డబ్బా పక్కన పెట్టింది.

యంత్రం వచ్చాక పరిపాలన పరుగులు తీసింది. ఫిర్యాదుల ఫోన్ ఎత్తేది నాయకుడుగారే. లిఫ్టులో “తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త చెల్లెమ్మా” అనేదీ ఆయనే. వారం నుంచి కుళాయి రావడం లేదని ఫోన్ చేస్తే, “మీ దాహం నా దాహం!” అంటారు, గొంతు పూడుకుపోతుండగా. కుళాయి రాదు. కానీ అంతటివాడు మన దాహం గురించి అంత బాధపడ్డాక మళ్ళీ నీళ్ళడగడం మర్యాద కాదని జనం ఊరుకుంటారు. నూటికి తొంభై ఎనిమిది ఫిర్యాదులు ఈ పద్ధతిలోనే పరిష్కారమయ్యాయి. మిగిలిన రెండూ వినికిడి లేనివాళ్ళవి.

అన్నిటికన్నా గొప్ప పథకం ఒంటిగంట ఫోన్. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటింటా పెద్దవాళ్ళకు నాయకుడుగారు ఫోన్ చేసి, “అమ్మా, నేనే. భోంచేశావా? మందులు వేసుకున్నావా?” అని అడుగుతారు. ఆదరణ చూసి తర్వాత అన్ని వయసులవాళ్ళకూ విస్తరించారు. బావ తల్లికి, అంటే నాకు అత్తయ్యగారికి, చూపు మందగించి మందగించి పూర్తిగా పోయి ఆరేళ్ళు. ఆవిడకు మనుషులంటే గొంతులే. మొదటిరోజు ఫోన్ పెట్టేసి, “పక్క గదిలో ఉండి ఫోన్ చేస్తాడేమిటే వీడు, వేళాకోళం కాకపోతే!” అని నవ్వింది. బావ కూడా పెద్దగా నవ్వాడు. అప్పటికి ఆంక్షలేమీ లేవు.

ఇలా అంతా సవ్యంగా నడుస్తుండగా నేరం జరిగింది. కళ్ళ పరీక్షకని బావ తల్లిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పొద్దున్న ఎనిమిదింటికి ఒక బల్ల మీద కూర్చున్నారు. పన్నెండయినా ఆ బల్ల మీదే ఉన్నారు. ఓపిక నశించి బావ గుమ్మం దగ్గరికెళ్ళి, “ఏమయ్యా, ఇంకెంతసేపు? ముసలావిడ కూర్చోలేకపోతోంది. అసలు లోపల ఎవరైనా ఉన్నారా?” అన్నాడు. అంతే. ఆ గొంతు వినగానే లోపల లేనివాళ్ళు కూడా లోపలికి పరిగెత్తుకొచ్చారు. డాక్టర్లకు తెల్లకోట్లు దొరికాయి. నర్సు ఫోన్‌లో చూస్తున్న సీరియల్ సగంలో ఆపింది. నాలుగేళ్ళుగా కనబడని ఎక్స్‌రే గది తాళంచెవి గుమాస్తా జేబులోనే కనబడింది. గంటలో మూడు వందల మందికి వైద్యం జరిగిపోయింది. విచారణలో ఇదంతా సాక్ష్యాధారాలతో రుజువైంది. ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రభుత్వ ఆసుపత్రి చేత పనిచేయించడం సామాన్యమైన నేరమా? ఇవాళ ఆసుపత్రి, రేపు ఇంకో కార్యాలయం. ఇలా అన్నీ పనిచేసుకుంటూ పోతే ఇక మేమంతా ఎందుకు?

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చిత్తుప్రతి రాసిన భాగ్యం నాదే. “ప్రజానాయకుని కంఠస్వరం జాతి సంపద. సదరు స్వరాన్ని గానీ, దానిని పోలిన స్వరాన్ని గానీ ఒంట్లో కలిగియున్న వ్యక్తులు తక్షణం వాడకం నిలిపివేయవలెను. దగ్గు, తుమ్ములకు మినహాయింపు కలదు.” ఆ మినహాయింపు నేను పట్టుబట్టి చేర్పించాను. చుట్టరికం ఊరికే పోతుందా?

కాగితం చదివి అక్క నన్ను కడిగేసింది. “ఒరేయ్, నువ్వు నా తమ్ముడివా, వాళ్ళ తొత్తువా? ఆయన గొంతు ఆయనది కాకపోతే ఎవరిదిరా? మీ ఆఫీసు తాతలదా?”

రసీదులో ‘భార్య అభ్యంతరం’ అనే గడి లేదని నేను శాంతంగా విన్నవించాను. బావ మాత్రం “పోనీలేవే, వాడేం చేస్తాడు” అన్నాడు. ప్రత్యేక అనుమతి లేకుండా ఆయన చట్టబద్ధంగా మాట్లాడిన ఆఖరి మాట అదే.

మూడో రోజున ఒక చీటీ రాసి నా చేతిలో పెట్టాడు. “అమ్మకి నేను కనబడను. వినబడితేనే ఉన్నట్టు. రోజుకు పది నిమిషాలు అమ్మతో మాట్లాడుకోనిస్తే చాలు. ఇంకెవరితోనూ మాట్లాడను.” కోరిక సబబుగానే ఉంది. అయితే మినహాయింపు కోరేవాళ్ళు కాగితం మీద కోరకూడదు, ఫోన్‌లోనే చెప్పుకోవాలి. ఫోన్ ఎత్తేది నాయకుడుగారు, అనగా యంత్రం, అనగా ఒకప్పటి మా బావ. దరఖాస్తు చేసుకునే రెండు నిమిషాలకు మాత్రం నోరు విప్పేలా ప్రత్యేక అనుమతి తెప్పించాను.

“అయ్యా, ఈ గొంతు నాదండి. పుట్టినప్పటినుంచీ నాదే. మా అమ్మతో మాట్లాడుకోనివ్వండి” అన్నాడు బావ.

అవతల అదే గొంతు, కాకపోతే ఇరవై ఏళ్ళు చిన్నది, గంభీరంగా నవ్వింది. “తమ్ముడూ! నీ గొంతు నా గొంతుతో నూటికి డెబ్బై ఒక్క పాళ్ళు సరిపోయింది. నన్ను అనుకరించాలన్న నీ అభిమానానికి నా గుండె ఉప్పొంగిపోయింది! సాధన చెయ్యి తమ్ముడూ! సాధిస్తే సముద్రమైనా దారిస్తుంది! కానీ గుర్తుంచుకో, చట్టం ముందు అభిమాని అయినా ఒకటే, అన్న అయినా ఒకటే!”

బావ సాధన చేశాడు. చల్లటి నీళ్ళు మానేశాడు. గది తలుపులేసుకుని, తన పాత సినిమాలే పెట్టుకుని, తనలా మాట్లాడటం నేర్చుకున్నాడు. అదీ ఉత్తర్వుకు లోబడి, శబ్దం రాకుండా, పెదవులు మాత్రమే కదుపుతూ. రెండోసారి ఫోన్ చేస్తే డెబ్బై ఎనిమిది వచ్చింది. అక్క ముఖంలో ఆశ కనబడింది. అప్పుడు నేను నిబంధన చదివి వినిపించాల్సి వచ్చింది: తొంభై ఐదు లోపల వస్తే అనుకరించిన నేరం, తొంభై ఐదు దాటితే అక్రమంగా కలిగి ఉన్న నేరం.

“ముందు నుయ్యి, వెనక గొయ్యి! ఇది రాసిన మహానుభావుడెవర్రా?” అంది అక్క.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అవసరం లేదని భావించాను.

ఇక మిగిలింది నాయకుడుగారి కాళ్ళు పట్టుకోవడమే. పాత పరిచయం గనక బావనూ, వెంట వెళ్ళిన నన్నూ లోపలికి పంపించారు. పెద్ద గది, పెద్ద కుర్చీ, అందులో ఆయనొక్కరే. బల్ల మీద ఫోన్ ఉంది గానీ మోగడం లేదు. బావ చీటీ చూపించాడు. ఆయన చదివి, ఆ నూనె వెయ్యని గొంతు విప్పారు.

“అన్నా, నువ్వే నయం. నిన్ను డెబ్బై పాళ్ళన్నా గుర్తుపట్టింది. పోయినవారం నేనే ఫోన్ చేశాను, ఆ ఒంటిగంట ఫోన్లు ఆపమని. మా అమ్మ కూడా రోజూ దాంతోనే మాట్లాడుతోంది, నేనెళ్తే ఎవరో వచ్చారనుకుంటోంది. ఆ యంత్రం నన్ను నాలుగు పాళ్ళంది! ‘ఎవరు బాబూ నువ్వు? గొంతు బాగాలేదు, డాక్టరుకు చూపించుకో’ అంది!”

“మరి ఎవరు చెబితే ఆగుతుందండీ?” అన్నాను.

“నేను చెబితే ఆగుతుందయ్యా. కానీ చెప్పేది నేనేనని అది ఒప్పుకోవాలి కదా.”

చెబుతూ చెబుతూ ఆయనకు దుఃఖం పొంగింది. అలవాటు కొద్దీ “అరవై ఒకటి, అరవై రెండు” అని మొదలుపెట్టారు. ఎదురుగా మా బావ, ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ, ఆ పెదవులకేసి చూస్తూ మాట అందించడానికి నోరు తెరిచాడు. నేను దగ్గాను. బావకు ఉత్తర్వు గుర్తొచ్చింది, మూసుకున్నాడు. నాయకుడుగారు డెబ్బై మూడు దాకా లెక్కపెట్టి కళ్ళు తుడుచుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో రెండు టికెట్లూ నేనే తీసుకున్నాను. ఆ సంగతి ఫైల్లో రాయలేదు.

నిన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఉత్తర్వు వచ్చి నెల దాటింది. అత్తయ్యగారు మంచం మీద కూర్చుని ఉంది, పక్కన బావ ఆవిడ కళ్ళల్లో మందు చుక్కలు వేస్తున్నాడు. ఆవిడ అక్కను పిలిచింది.

“అమ్మాయ్, పగలంతా నా పక్కన కూర్చునేదెవరే? మనిషిని పెట్టుకున్నారా? పాపం, మాటలు రావనుకుంటా. చెయ్యి మాత్రం మెత్తన. మా వాడేమో ఎక్కడికి పోయాడో, ఒంటిగంటకు ఫోన్‌లో దొరకడమే.”

అక్క నావైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను.

బావ మందుసీసా కింద పెట్టాడు. తల్లి చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. సంబంధిత విభాగం ఉద్యోగిని నేను ఎదురుగా ఉండగానే, “అమ్మా! నేనే అమ్మా!” అన్నాడు. నెల రోజులు వాడకపోవడంతో ఆ గొంతు బొంగురుపోయి ఉంది.

ఆవిడ తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నది. తర్వాత ఆ చేతిని తడుతూ నవ్వింది.

“ఓరి నీ అసాధ్యం కూలా! మాటలొచ్చా నీకు? బాగా చేశావు నాయనా, ఇంచుమించు మా అబ్బాయిలాగే ఉంది. ఇంకాస్త నేర్చుకుంటే అతికిపోతుంది. ఇక ఉండు, ఒంటిగంట కావస్తోంది, వాడు చేసే వేళయింది.”

ఫోన్ మోగింది. బావే తీసి తల్లి చెవి దగ్గర పెట్టాడు. “నేనే అమ్మా, భోంచేశావా?” అంది ఫోన్. “ఆ, నాయనా! నీ కోసమే చూస్తున్నా” అంది ఆవిడ. ఆ మొహంలో వెలుగు చూడాల్సిందే.

ఉత్తర్వు ఉల్లంఘన కళ్ళారా చూశాను గనక, ఉద్యోగధర్మంగా నివేదిక రాయక తప్పలేదు. “నిందితుడు మాట్లాడిన మాట వాస్తవమే. అయితే కన్నతల్లి సైతం గుర్తుపట్టనందున, సదరు గొంతు సదరు గొంతు కాదని నిర్ధారణ అయినది. కావున నేరం జరగలేదు. ఆంక్షలు తొలగించవచ్చును.” పైవాళ్ళు మెచ్చుకుని ఇవాళ పొద్దున్నే సంతకం చేశారు. మా బావ ఇక ఇష్టం వచ్చినంతసేపు మాట్లాడుకోవచ్చు. కాగితం స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. చదువుకుని మడిచి, గాజు నోటి కింద పెట్టాడు. మందుసీసా తీసుకుని తల్లి దగ్గరికి వెళ్ళాడు.

ఇదంతా చదివి అయ్యో పాపం అంటున్న మీకు ఒక చిన్న మనవి. నివేదికకు జతపరచడానికి నిన్నటి ఒంటిగంట ఫోన్ల రికార్డులు తెప్పించాను. అందులో మీ నంబరు కూడా ఉంది. “భోంచేశారా?” అని గొంతు అడిగితే, మీరు మురిసిపోయి పదకొండు నిమిషాలు కష్టసుఖాలు చెప్పుకున్నారు. అదే సమయంలో మీ గదిలోంచి ఇంకో గొంతు మిమ్మల్ని రెండుసార్లు పిలిచింది. “అబ్బ, ఉండు, ఫోన్‌లో ఉన్నానా!” అని మీరు కసురుకున్నారు. ఆ రెండో గొంతు ఎవరిదో మా యంత్రం గుర్తుపట్టలేకపోయింది. మీరు గుర్తుపట్టగలిగితే మా విభాగానికి తెలియజేయగలరు.