సరే అన్నవారికి పరీక్ష లేదు

మా ఆసుపత్రిలో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ తన వైద్యం గురించి తానే నిర్ణయించుకోగల శక్తి ఉందని మేము గట్టిగా నమ్ముతాం. చట్టం అలా నమ్మమంది. ఆ శక్తిని ఆ మనిషి వాడనంతవరకూ మా నమ్మకానికి ఏ ఢోకా లేదు.

మానసిక వైద్య విభాగంలోని నిర్ణయశక్తి నిర్ధారణ కమిటీకి నేను కార్యదర్శిని. మా పద్ధతి చాలా సులువు. ఇచ్చిన మందు వేసుకుంటానన్నవారికి నిర్ణయశక్తి ఉన్నట్టే. వద్దన్నవారికి ఉందో లేదో తేల్చడానికే కమిటీ. మొన్న ఒక పెద్దాయన మాకు వీపు పెట్టి, గోడతో ఏదో మాట్లాడుతూ మధ్యలో సరే అన్నాడు. (గోడ ఏమడిగిందో మాకు తెలియదు.) ఆ సరేని మేము స్వీకరించాం. మనిషి మాటకు ఆమాత్రం విలువ ఇవ్వకపోతే ఇక చట్టం ఎందుకు?

ఇంత చక్కగా నడుస్తున్న పద్ధతికి పేచీ పెట్టింది ఒక డ్రాయింగు టీచరు. ఆమె చేయి తిరిగిన మనిషి. కంపాసు లేకుండా బోర్డు మీద ఒక్క ఊపులో సున్నా చుడితే పిల్లలు నోరు తెరుచుకుని చూసేవారట. ఆ మధ్య ఎవరూ లేనిచోట మాటలు వినిపించి, నిద్ర కరువై, తమ్ముడిని వెంటబెట్టుకుని తనంతట తానే మా దగ్గరికి వచ్చారు. మందు మొదలుపెట్టాక మాటలు తగ్గాయి. చేతులు వణకడం మొదలైంది. ఇప్పుడు సున్నా చుడితే బంగాళాదుంప వస్తోందనీ, ఇలాగైతే బడికి వెళ్లి ఏం చేయాలనీ, దీన్ని మార్చి వేరే మందు ఇమ్మనీ అడిగారు. మాటలు మళ్లీ వినిపించవచ్చని తనకు తెలుసనీ, వినిపిస్తే ఆ రోజే వస్తాననీ కూడా అన్నారు. ఎంత వివరంగా చెప్పినా, వద్దన్నారు కదా. ఆమె నిర్ణయశక్తి మీద మాకు అనుమానం వచ్చింది.

కమిటీ కూర్చుంది. పెద్ద డాక్టరు, న్యాయ సలహాదారు, నేను. నియమం ప్రకారం డాక్టరు మందు గురించి వివరించాలి, రోగి విని, గుర్తుపెట్టుకుని, తిరిగి చెప్పాలి. పెద్ద డాక్టరు మందు సుగుణాలన్నీ చెప్పారు. టీచరు పొల్లుపోకుండా అప్పజెప్పి, చివర్లో చేతులు వణుకుతాయని కూడా కలిపారు. ఆ సంగతి డాక్టరుగారు చెప్పలేదు. (ఆ రోజు రద్దీ ఎక్కువ.) అంటే ఎవరూ అనని మాట ఆమెకు వినిపించినట్టే కదా. ఆమె జబ్బు కూడా అదే కనుక, ఆ మాట ఎక్కడ విన్నారని డాక్టరుగారు అడిగారు.

"వినలేదండీ, చూస్తున్నాను," అంటూ టీచరు రెండు చేతులూ బల్ల మీద చాపారు. చేతులు చూడాలన్న నియమం మాకు లేదు.

మనిషికి తప్పు నిర్ణయం తీసుకునే హక్కు కూడా చట్టంలో ఉందని న్యాయ సలహాదారు నసిగారు. (ఆయన కొత్త.) పెద్ద డాక్టరు ఆ హక్కును మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. అయితే ఈమె ఇంత స్పష్టంగా మాట్లాడుతున్నది ఆ మందు చలవేననీ, అంత మంచి మందును వద్దంటున్నారంటే స్పష్టత ఇంకా రాలేదనీ సెలవిచ్చారు.

తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముడు ఉండబట్టలేకపోయాడు.

"సార్, అక్క సరిగ్గా మాట్లాడితే మందు పనిచేసినట్టంటున్నారు. తడబడితే మందు చాలలేదంటారు. మరి ఎలా మాట్లాడమంటారు?"

"క్లుప్తంగా," అన్నారు పెద్ద డాక్టరు.

నాకు ఆ తమ్ముడి మీద ఒళ్లు మండింది. అవతల భోజనాల వేళ దాటిపోతోంది. నిర్ణయశక్తి లేదని తేలితే బయట గడియ పెట్టే వార్డుకు మార్చవలసి ఉంటుందనీ, అక్కడా ఇదే మందనీ మర్యాదగా గుర్తుచేశాను.

తమ్ముడు మళ్లీ నోరు తెరవబోయాడు. "నువ్వు ఊరుకోరా," అన్నారు టీచరు. కాసేపు తన చేతుల వంకే చూసుకుని, "సరేనండీ, వేసుకుంటాను," అన్నారు.

క్లుప్తంగానే ఉంది. ఆమెకు సంపూర్ణ నిర్ణయశక్తి ఉందని కమిటీ అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించింది. న్యాయ సలహాదారు ఊపిరి పీల్చుకుని ఆమెను అభినందించారు కూడా.

ఇక అంగీకారపత్రం మీద సంతకం ఒక్కటే మిగిలింది. పెట్టారు. చేరినప్పటి సంతకంతో ఇది ఏ కోశానా కలవలేదు. సంతకం కలవకపోతే నిర్ణయశక్తి మళ్లీ మొదటికొస్తుంది. అందరూ తలలు పట్టుకున్నారు. చివరికి, సంతకం చేతకానివారికి వేలిముద్ర చాలునన్న వెసులుబాటు నాకే గుర్తొచ్చింది.

వణుకులో ముద్ర అలుక్కుపోతుందేమోనని ఆమె మణికట్టు నేనే గట్టిగా పట్టుకుని, 'నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా' అన్న వాక్యం కింద బొటనవేలు అదిమించాను.

ఎక్కడా చెదరకుండా, గుండ్రంగా వచ్చింది.