అత్తగారి నేరేడు కట్టెలు

ఆ శనివారం పొద్దున దండపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం అత్తగారు తిరుత్తణి నుంచి వచ్చేలోగా ఆమెకు ఒక ఉయ్యాల బల్ల చేయించాలి, అంతే. మణవాళనగర్‌లోని అతని ఇంటి ముందు అత్తగారు సెల్లమ్మ తన చేత్తో నాటిన నేరేడు చెట్టు ఉండేది. పండ్లు రాలి కొత్త తెల్ల కారుకు మరకలవుతున్నాయని, ఆమె కూతురు సుమతితో ఆడికృత్తిక పండగ మొక్కుకు వెళ్ళగానే అల్లుడు దాన్ని కొట్టించేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు ఆ కట్టెతోనే ఆమెను మెప్పించాలని చూస్తున్నాడు.

గ్యాసు పొయ్యిల కాలంలో ఇంటి ముందు కట్టెలు పేరిస్తే వీధికి ఒకటే అర్థమని అతనికి తట్టలేదు.

"కట్టెలు ఎవురికి తంబీ?" అన్నాడు ఎదురింటి నటరాజ్.

"మా అత్తకే అన్నా." దండపాణి తల ఎత్తలేకపోయాడు. "సాయంత్రం సుమతి తోడుకొని వస్తాది. ఆ లోపల అంతా అయిపోవాల."

నటరాజ్ భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "అయ్యయ్యో!"

చెట్టు సంగతి వీధంతా పాకిందనుకుని దండపాణి సిగ్గుతో చితికిపోయాడు. "అంతా నా పాపమే అన్నా."

"అట్లనుకోవద్దు. వయసైపోయింది, పోయింది. నువ్వు పో, మిగతాది మేం చూసుకుంటాం."

నిజమే, చెట్టుకూ వయసైంది కదా అని కాస్త ఊరట పడి, అతను వడ్రంగిని వెతకడానికి తిరువళ్ళూరు వెళ్ళాడు. దుఃఖంలో ఉన్న పిల్లను ఏం కదిలిస్తామని సుమతికి ఎవరూ ఫోన్ చేయలేదు.

వడ్రంగి దొరకలేదు. తిరిగొచ్చేసరికి ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, తప్పెట్లు! గోడ మీద నిలువెత్తు ఫ్లెక్సీ; దానికి వేసిన పూలదండ వెనక సెల్లమ్మ నవ్వుతోంది. పైన తమిళంలో 'కన్నీటి అంజలి', కింద శోకంలో మునిగిన అల్లుడిగా తన పేరు. పీకేద్దామని కుర్చీ ఎక్కాడో లేదో, ఆటో ఆగింది. విభూతి పొట్లంతో సెల్లమ్మ దిగింది, వెనకే సుమతి.

తప్పెట్లు ఆగిపోయాయి. ఏడుస్తున్న పక్కింటి సరసమ్మ తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది. సెల్లమ్మ తన ఫొటో చూసింది, కట్టెలు చూసింది, చెట్టుండాల్సిన చోటు చూసింది.

"చెట్టు యాడ అల్లుడూ?"

ఆ ఫ్లెక్సీలో తన ఫొటో ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది దండపాణికి. కుర్చీ మీదే నిలబడి, వీధంతా వింటుండగా, కారు మరకలతో సహా అంతా ఒప్పుకున్నాడు. "నీకు ఉయ్యాల చేయించాలనుకున్నా అత్తా" అన్న మాట అతనికే సరిగా వినపడలేదు.

ఆమె తన ఫొటో మీది దండ తీసి చెట్టు మొద్దుకు వేసింది. అప్పుడు ఆమె కళ్ళు తడిశాయి.

"వచ్చినారు గదా, దీనికోసమన్నా కొట్టండప్పా" అంది. తప్పెటవాళ్ళు కొట్టారు. వీధంతా లేచి నిలబడింది.

తర్వాత అల్లుడి వైపు తిరిగింది. "ఉయ్యాల వద్దు, ఏమీ వద్దు. ఈ కట్టెలు అట్లే ఉండనీ. నిజంగా కావల్సినప్పుడు నీకు వెతుక్కునే పనుండదు."

కట్టెలు ఇప్పటికీ గేటుకు అడ్డంగానే ఉన్నాయి. తెల్ల కారు మాత్రం వీధి చివర, కాకులు వాలే చెట్టు కింద నిలబడుతోంది.